గ్రీజు రాసిన రైలు

మా దీవుల్లో రైలు లేదు. పట్టాలు లేవు, స్టేషన్లు లేవు, గేటు పడిందని ఆగాల్సిన రోడ్లూ లేవు. అలాంటి చోట, పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో, చేపల రేవు పక్క సందులో, ఒక పాత సామాన్ల కొట్లో, అద్దాల బీరువాలో ఒక బొమ్మ రైలు ఉండేది. దాని ధర ఎనభై వేలు. ఆ ధర చెప్పేది మా అన్నయ్య కన్నారావు. చెప్పేటప్పుడు మొహంలో ఇసుమంత సిగ్గు కూడా కనబడేది కాదు.

నా పేరు సరోజిని. షిప్పింగ్ ఆఫీసులో టికెట్ల కౌంటరు నాది. చెన్నైకైనా, వైజాగుకైనా, కలకత్తాకైనా ఓడెక్కాలంటే నా కిటికీ ముందు నిలబడాల్సిందే. లైను తప్పి ముందుకొస్తే ఎంత పెద్ద ఆఫీసరైనా వెనక్కి పంపిస్తానని ఊళ్ళో నాకు పేరుంది. నోరు పెద్దదని కూడా అంటారు. కాదని నేనూ అనను.

మాది తాతల కాలంలో శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన చేపల వేటగాళ్ళ కుటుంబం. మా నాన్న బంగారురాజు వల వేస్తే ఒట్టి చేతులతో రాడని రేవంతా చెప్పుకునేవారు. అలాంటి మనిషి పెద్ద కొడుక్కి సముద్రం పడదు! రేవు లోపల డోంగీ పడవ నడపమంటే చుక్కాని పట్టుకుని దర్జాగా నడుపుతాడు. రేవు దాటి ఒక్క పెద్ద అల తగిలిందా, కడుపులో ఉన్నదంతా సముద్రానికి అప్పజెప్పేస్తాడు. నాన్న కొన్నాళ్ళు చూసి, వీడు గట్టు మీద బతకాల్సినవాడని వదిలేశాడు. పోనీ విమానమెక్కుదామంటే, చిన్నప్పుడు చెవికి ఆపరేషనయ్యింది, డాక్టరు వద్దన్నాడు. అందుకని అన్నయ్యకి యాభై దాటినా, మనవరాలు పుట్టినా, ఈ దీవి దాటి అడుగు పెట్టలేదు. రైలంటే సినిమాల్లోనూ ఫోన్లోనూ చూడటమే.

బదిలీల మీద వచ్చే ఆఫీసర్లు, వెళ్ళేటప్పుడు సామానంతా ఓడలో వేసుకెళ్ళడం దండగని ఇక్కడే అమ్మేసి పోతారు. అన్నయ్య కొట్టు నడిచేది ఆ సామాన్ల మీదే. కొన్నేళ్ళ కిందట ఒక ఆఫీసరుగారి ఫ్రిజ్జు, పేము సోఫా కొంటే, వాటితోపాటు ఒక అట్టపెట్టె వచ్చింది. ఆ ఆదివారం నేనూ కొట్లోనే ఉన్నాను. పెట్టె విప్పాం. పాత జర్మనీ సరుకట. నల్లటి ఇంజను, దానికి ఎర్రటి చక్రాలు, నాలుగు పచ్చ పెట్టెలు, గుండ్రంగా పేర్చుకునే పట్టాలు, ప్లగ్గు పెట్టుకునే డబ్బా.

అన్నయ్య ఒక పెట్టెని అరచేతిలో పెట్టుకుని కిటికీలోకి తొంగి చూశాడు. చాలాసేపు కళ్ళు తిప్పలేదు. నేనూ చూశాను. లోపల గోరంత మనుషులు కూర్చుని ఉన్నారు. ఒక పెద్దాయన పేపరు చదువుతున్నాడు. ఒకావిడ టోపీ పెట్టుకుని, ఒళ్ళో కుక్కపిల్లని పట్టుకుని బయటికి చూస్తోంది. కుక్కపిల్లకి చెవులు కూడా ఉన్నాయి.

"ఒలే సరోజా, ఈళ్ళందరూ ఎటెల్తన్నారే?" అన్నాడు అన్నయ్య గొంతు తగ్గించి, వాళ్ళు వింటారేమో అన్నట్టు.

"నీ కొట్టుకే వచ్చారు. టీ ఇప్పించు" అన్నాను.

అన్నానే గాని, నాకూ ఒళ్ళు జలదరించింది. అంత చిన్న కళ్ళూ ముక్కూ పెట్టిన మనిషి ఎక్కడో కూర్చుని, ఊపిరి బిగబట్టి, ఎవరూ చూడరేమోనన్న బెంగ లేకుండా ఆ కుక్క చెవులు దిద్ది ఉంటాడు కదా! మేం చూశాం. సముద్రం ఇవతల, జంగ్లీఘాట్‌లో కూర్చుని చూశాం.

మా రేవులో ఒక అలవాటుంది. ఇనుము ఏదైనా ఇంటికొస్తే ముందు దానికి గ్రీజు తగలాలి. ఉప్పుగాలికి మేకు కూడా మిగలదు. పడవ ఇంజనైనా, తలుపు గడియైనా, ఆఖరికి కుట్టుమిషనైనా గ్రీజు లేకుండా ఉంచితే పెద్దవాళ్ళు తిడతారు. అన్నయ్య కూడా ప్లగ్గు పెట్టకముందే గ్రీజు డబ్బా తెచ్చాడు. మా వదిన కామమ్మ పాత చీర చింపి ఇచ్చింది. పట్టాలకి, చక్రాలకి, చక్రాల వెనకాలకి, పసిబిడ్డకి నలుగు పెట్టినంత ప్రేమగా పట్టించాడు. ఆ తర్వాత ప్లగ్గు పెట్టాడు. డబ్బా మీద ఎర్ర దీపం వెలిగింది. రైలు కదల్లేదు.

ఒక ఎలక్ట్రీషియను వచ్చి చూసి, డబ్బాలో కరెంటు బాగానే ఉంది, ఇంజన్లో మోటారు కాలిపోయిందన్నాడు. ఇంకొకాయన వచ్చి అదే మాటన్నాడు. ఇలాంటిది బాగుచేసేవాళ్ళు దీవుల్లో లేరన్నారు. అన్నయ్య రైలుని అద్దాల బీరువాలో పెట్టాడు. నెలకోసారి బయటికి తీసి, పాత గ్రీజు తుడిచి కొత్తది రాసేవాడు.

ఇక ధర సంగతి. ముందు పదిహేను వేలన్నాడు. చెన్నై నుంచి వచ్చిన టూరిస్టు ఒకాయన ఫోన్లో ఏదో వెతికి, బేరమాడి, సరే అంతకే ఇవ్వమన్నాడు. అన్నయ్య వెంటనే నలభై అన్నాడు. ఆయన తిట్టుకుంటూ పోయాడు. ఇంకెప్పుడో ఒక బెంగుళూరు అబ్బాయి నలభై వేలకి సరేనని డబ్బు చేతిలో పెట్టబోయాడు. అన్నయ్య ఎనభై అన్నాడు. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నీకేమైనా పిచ్చా? కదలని ఇనపముక్కకి నలభై వేలిస్తానంటే ఎనభై అంటావా? అంత ఆశ పనికిరాదు అన్నియ్యా!" అని సందంతా వినబడేలా అరిచాను.

అన్నయ్య ఆ అబ్బాయి వెళ్ళిన వైపు చూసి, బీరువా తలుపు మూసి తాళం వేశాడు.

"ఆశే" అన్నాడు. "ఇది ఒక్కసారి నడవాలే. నడిసినాక ఎవలికైనా ఇచ్చెత్తాను. నడవకుండానే ఎల్లిపోయిందనుకో, ఈ జన్మకి నానింక రైలేటి సూత్తాను సెప్పు?"

ఇన్నాళ్ళూ మేమందరం లోభితనం అనుకున్నది లోభితనం కాదు. రైలు తన చేయి దాటి పోకుండా, ఎవరికీ అందనంత ఎత్తులో ధర పెట్టి కూర్చున్నాడు.

ఆ మాట నా మనసులో ముల్లులా ఉండిపోయింది. అందుకే ఈ ఏడు మా ఊళ్ళో పాత వస్తువులు పోగుచేసేవాళ్ళ మేళా పెడుతున్నారని తెలియగానే, అన్నయ్యని అడక్కుండా ఒక బల్లకి పేరిచ్చేశాను. ఇలాంటివి తెలిసినవాళ్ళు వస్తే గిస్తే అక్కడికే రావాలి. అన్నయ్య గింజుకున్నాడు. చివరికి రైలు పెట్టెని ఒళ్ళో పెట్టుకుని ఆటో ఎక్కాడు. గుంత వచ్చినప్పుడల్లా డ్రైవరుతో "ఆహిస్తా భయ్యా, ఆహిస్తా" అంటూనే ఉన్నాడు. నేనూ వదినా వెనక ఆటోలో వెళ్ళాం.

హాలంతా నాణేలు, స్టాంపులు, తుప్పు పట్టిన కెమెరాలు, కీ ఇచ్చే గడియారాలు. మా పక్క బల్ల మీద చూసి అన్నయ్య నిలబడిపోయాడు. అక్కడా రైలు పెట్టెలే! ఆ బల్ల డాక్టర్ శ్రీలక్ష్మిగారిది. ఆవిడ పళ్ళ డాక్టరు. వైజాగు మనిషి. భర్త నేవీలో ఉండటం వల్ల బదిలీ మీద ఇక్కడికి వచ్చి, ఊళ్ళోనే క్లినిక్ పెట్టుకున్నారు. ఏ ఊరు వెళ్ళినా మేళాల్లో తిరిగి పాత బొమ్మ రైళ్ళు కొనడం ఆవిడకి సరదా అట. ఒకేలాంటివి రెండేసి చేరితే, ఒకటి ఇక్కడ అమ్మకానికి పెట్టారు. అగ్గిపెట్టె కంటే కాస్త పొడుగున్న బొగ్గు వ్యాగను ఒకటి, రంగు కూడా ఊడిపోయింది, దాని చీటీ మీద పన్నెండు వేలని రాసి ఉంది.

"నన్ను దొంగంతారు గదే. మరీయమ్మనేటంతారు?" అన్నాడు అన్నయ్య నా చెవిలో. ఆయన గుసగుస రేవుకి వినబడుతుంది. శ్రీలక్ష్మిగారు ఫక్కున నవ్వారు.

అన్నయ్య బల్ల మీద పట్టాలు గుండ్రంగా పేర్చి, రైలు పెట్టి, ధర చీటీ ఆనించాడు. వచ్చినవాళ్ళు వంగి రైలుని చూసి మురిసిపోవడం, చీటీ చూసి నిటారుగా లేవడం. ఒకాయన, "భయ్యా, యే రైల్ కా దామ్ హై, యా స్టేషన్ కా?" అన్నాడు. చుట్టుపక్కల వాళ్ళంతా నవ్వారు. అన్నయ్య మాత్రం నాణేల మీద ఉన్న రాజులా తల పక్కకి తిప్పుకుని కూర్చున్నాడు.

భోజనాల వేళకి జనం పలచబడ్డారు. శ్రీలక్ష్మిగారు లేచి మా బల్ల దగ్గరికి వచ్చారు. ఇంజనుని చూసి ఆవిడ మొహం మారిపోయింది. గుళ్ళో తలుపులు తీసినప్పుడు చూసినట్టు చూశారు.

"ఇది పోర్ట్ బ్లెయిర్లో ఉందా! నడుస్తుందా కన్నారావుగారూ?"

"నడవదు మేడమ్."

"నడవని దానికి ఎనభై వేలా?"

"నడిత్తే తక్కువకే ఇత్తాను."

ఆవిడకి అర్థం కాలేదు. "అదేమిటండీ, నడిచేదానికి కదా ఎవరైనా ఎక్కువ చెబుతారు?"

అన్నయ్య ధర చీటీ సర్దసాగాడు. నేనే చెప్పాను. సముద్రం పడని సంగతి, చెవి సంగతి, ఒక్కసారి నడవాలన్న సంగతి, అన్నీ. అన్నయ్య నావైపు కోపంగా చూశాడు. చూస్తే చూశాడు.

శ్రీలక్ష్మిగారు వింటూనే వేలితో పట్టాని రాశారు. వేలు నల్లగా మెరిసింది.

"ఇదేమిటి?"

"గ్రీజు మేడమ్. పడవలకేసేది. మేలు రకం. నెలనెలా ఏత్తాను" అన్నాడు అన్నయ్య కాస్త గర్వంగా.

ఆవిడ పెదవులు బిగబట్టారు. నవ్వొచ్చి ఆపుకున్నారనుకున్నాను. కాదు. చాలా నెమ్మదిగా, పన్ను తీయాల్సి వస్తుందని చెప్పే గొంతుతో అన్నారు. "దీనికి విడిగా వైరు ఉండదండీ. కరెంటు ఈ పట్టాల్లోంచి చక్రాల్లోకి, చక్రాల్లోంచి మోటార్లోకి ఎక్కాలి. ఇనుముకి ఇనుము తగలాలి. మీరు మధ్యలో గ్రీజు పెట్టారు."

అన్నయ్య మొహం నేనెప్పటికీ మర్చిపోలేను. నోరు కొంచెం తెరుచుకుంది. చేతులు బల్ల మీద ఎక్కడ పెట్టాలో తెలియనట్టు తిరిగాయి.

"అంటే... ఇన్నాళ్ళూ దీన్ని నానే ఆపేసినానా?"

వదిన ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"మీరే కాపాడారు కూడా" అన్నారు శ్రీలక్ష్మిగారు. "నా బండ్లు ఇక్కడికొచ్చిన ఏడాదికే తుప్పు పట్టాయి. ఈ ఉప్పుగాలిలో మీ పట్టాల మీద ఒక్క మచ్చ లేదు. మోటారు కాలిందో లేదో ఇప్పుడే చూద్దాం."

ఆవిడ తలుచుకుంటే ఇంకో పని చేయొచ్చు. నడవని బండి అని తీసిపారేసి, నాలుగు రాళ్ళకి కొనుక్కుని, ఇంటికెళ్ళి తుడుచుకోవచ్చు. అలా చేయలేదు. కారులోంచి తన సంచీ తెప్పించారు. దూది, స్పిరిట్టు, పళ్ళ గార తీసే సన్నటి కొక్కెం. ఇంజనుని తలకిందులుగా పడుకోబెట్టి, ఒక్కో చక్రం తిప్పుతూ జిడ్డు తీయసాగారు. అన్నయ్య పట్టాలు తుడిచాడు. ముందు దూదితో, తర్వాత ఉతికిన లుంగీ గుడ్డతో, చివరికి తన చొక్కా అంచుతో. నాణేలాయన లేచి వచ్చాడు. స్టాంపులాయన వచ్చాడు. ఇందాక స్టేషను ధరా అని ఎగతాళి చేసినాయన కూడా వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఇంజనుని పట్టాల మీద పెట్టారు. పెట్టెలు తగిలించారు. శ్రీలక్ష్మిగారు డబ్బాని అన్నయ్య వైపు జరిపి, దాని మీదున్న తిప్పుడు మర చూపించారు. "మీరే తిప్పండి."

అన్నయ్య తిప్పాడు.

ముందు ఇంజనులోంచి చిన్న మూలుగు వచ్చింది. ఇంజను ముందున్న దీపం ముక్కుపుడకంత వెలిగింది. తర్వాత ఆ ఎర్ర చక్రాలు, వాటిని కలిపే కమ్మీ, అన్నీ ఒక్కసారి వణికి, కదిలాయి. కదిలింది! ఒక పెట్టె తర్వాత ఒక పెట్టె, ఒకదాన్నొకటి సుతారంగా లాగుతూ, నాలుగూ కదిలాయి. పేపరు చదివే పెద్దాయన కదిలాడు. కుక్కపిల్లావిడ మా ముందు నుంచి వెళ్ళిపోయింది.

పట్టాల అతుకుల మీద టక టక మని చిన్న చప్పుడు. అది తప్ప ఇంకేమీ లేదు. బండి మలుపు దగ్గరికి వచ్చింది. అప్పుడు అన్నయ్య చేతిని చూశాను. బల్ల అంచు మీద ఉన్న కుడి చెయ్యి చుక్కాని పట్టుకున్నట్టు బిగుసుకుని, పక్కకి తోసింది. బండి తిరిగింది. ఇంకో మలుపు వచ్చింది. చెయ్యి మళ్ళీ తోసింది. ఆ తర్వాత మలుపులో అన్నయ్యకి తెలిసింది. చెయ్యి ఎత్తేశాడు. బండి తనంతట తనే తిరిగింది.

"చుక్కాని లేదు" అన్నాడు. "సరోజా, దీనికి చుక్కాని లేదే!"

"లేదు అన్నియ్యా. పట్టా ఎటుంటే అటెల్తాది."

"సముద్రంలో మనమెల్లిన తోవ మన ఎనకాలే మాసిపోతాది. ఎవలి తోవ ఆలే ఎతుక్కోవాల. ఇది సూడు... తోవ ముందే ఉంది. ఎల్లిపోయినాకా ఉంది." కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు. "ఎవడేసినాడే ఇంత తోవ? దేశమంతా ఇలగే ఏసినారా?"

"దేశమంతా" అన్నాను.

నేను ఎన్నిసార్లో రైలెక్కాను. బెర్తు దొరకలేదని, టీ చల్లగా ఉందని, పక్కవాడు గురక పెట్టాడని తిట్టుకున్నాను. కానీ లోపల కూర్చున్నవాళ్ళకి రైలు కనబడదు. ఆ రోజు అన్నయ్య పక్కన నిలబడి చూశాక గాని, మనిషి ఎంత పని చేశాడో నాకు తెలియలేదు. నేల మీద రెండు ఇనప గీతలు గీసి, ఇళ్ళకి ఇళ్ళు వాటి మీద నడిపించాడు. నాకు దండం పెట్టాలనిపించింది. వదిన నిజంగానే పెట్టింది.

శ్రీలక్ష్మిగారు అన్నయ్య వైపు తిరిగారు. "ఇంక మీరు దీన్ని అమ్మరు కదూ?"

నేనూ అదే అనుకున్నాను. ఇప్పుడు లక్షన్నర అంటాడని ఎదురుచూశాను. అన్నయ్య మర తిప్పి బండి ఆపాడు. ధర చీటీ తీసి చింపేశాడు.

"తీసుకెళ్ళండి మేడమ్. ఆ సామాన్లలో దీనికి నాకు పడింది రెండు వేలు. అదియ్యండి, చాలు."

"రెండు వేలేమిటండీ! నేను కళ్ళు మూసుకుని యాభై ఇస్తాను."

"వద్దు. నడిత్తే ఇచ్చెత్తానని మాటన్నాను."

ఇక చూడాలి ఆ బేరం! కొనేవాళ్ళు పైకి లాగుతారు, అమ్మేవాడు కిందికి లాగుతాడు. నాణేలాయన నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. నాకు అన్నయ్యని నాలుగు ఉతకాలనిపించింది. చివరికి వదినే మధ్యలో దూరి, ఇద్దరికీ సర్దిచెప్పి, మధ్యస్థంగా ఒక మాట అనిపించింది. డబ్బు కూడా తనే తీసుకుని కొంగున ముడేసుకుంది.

రైలుని పెట్టెలో సర్దేటప్పుడు శ్రీలక్ష్మిగారు వేలెడంత పట్టా ముక్క ఒకటి అన్నయ్య చేతిలో పెట్టారు. "ఇది మీ దగ్గర ఉంచుకోండి. నా దగ్గర ఇలాంటివి చాలా ఉన్నాయి." తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, "అసలు బండి ఇంతకి ఎనభై ఏడింతలు ఉంటుందండీ" అన్నారు.

అన్నయ్య ఇంజనుకి అటో వేలు, ఇటో వేలు పెట్టి కొలిచాడు. తలెత్తి హాలు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా చూశాడు.

ఇంటికి వెళ్ళేటప్పుడు ఆటోలో పట్టా ముక్కని వేళ్ళతో తిప్పుకుంటూ కూర్చున్నాడు. బొమ్మ పోయిందని బెంగ పెట్టుకున్నాడని వదినా నేనూ కళ్ళతోనే అనుకున్నాం.

వైజాగు ఓడకి టికెట్లు మొదలైన రోజు మా ఆఫీసు జాతరలా ఉంటుంది. తలెత్తే తీరిక ఉండదు. మేళా అయిన కొన్నాళ్ళకి అలాంటి రోజే, "నెక్స్ట్" అన్నాను. కిటికీ కిందనుంచి రెండు ఐలాండర్ కార్డులు, దీవులవాళ్ళకిచ్చే గుర్తింపు కార్డులు, లోపలికి వచ్చాయి. మొదటి కార్డు మీద మా అన్నయ్య ఫోటో ఉంది.

తలెత్తాను. లైన్లో నిలబడే వచ్చాడు. చెల్లెలి కౌంటరు కదా అని పక్కనుంచి రాలేదు. చొక్కా చెమటకి తడిసిపోయింది.

"వైజాగ్. రెండు. నాకూ మీ వదినకీ."

"అన్నియ్యా, రేవు దాటితే నీ సంగతేంటో తెలుసు కదా? మూడు రోజులు!"

"కక్కుతాను" అన్నాడు. "కక్కుకుంటానే ఎల్తాను. గట్టు మీద నిలబడి, నిజిమైంది ఎల్తంటే సూత్తాను. మళ్ళా కక్కుకుంటా వచ్చెత్తాను."

నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఊరందరికీ టికెట్లు కొట్టిన చేతులివి. ఎవడి పెళ్ళికో, ఎవడి చదువుకో, ఎవడి ఆపరేషనుకో కొడుతూనే ఉన్నాను. మా అన్నయ్య పేరు మాత్రం ఈ మిషను మీద ఎప్పుడూ కొట్టలేదు. కీబోర్డు మీద అక్షరాలు మసకబారాయి. ఊపు తక్కువగా ఉండే చోటు కోసం, ఓడ నడిమధ్యలో కింది బెర్తులు వెతకసాగాను.

వెనకనుంచి ఎవరో, "దీదీ, జల్దీ కరో నా!" అని అరిచారు.

"ఆగండి!" అని లేచి నిలబడి నేనూ అరిచాను. "మా అన్నయ్య రైలు చూడ్డానికి వెళ్తున్నాడు!"

అరిచినవాడు ఒక అడుగు వెనక్కి వేశాడు. మా దీవివాళ్ళకి ఆ మాట విడమర్చి చెప్పక్కర్లేదు.

అన్నయ్య టికెట్లు రెండు చేతులా తీసుకున్నాడు. చొక్కా జేబులోంచి పట్టా ముక్క తీసి, చెమట తగిలిందేమోనని చొక్కా అంచుతో శుభ్రంగా తుడిచాడు. టికెట్ల మడతలో దాన్ని పెట్టి, మళ్ళీ జేబులో వేసుకుని, వెనకవాళ్ళకి దారిచ్చాడు.